దారం తెగిన పుస్తకం

తాటాకుల మీద రాసిన పాత గ్రంథాన్ని దగ్గరగా చూస్తే అందులో రెండు రకాల రాత కనిపిస్తుంది. ఆకు నిండా గంటంతో గీసిన పాఠం ఒకటి. ఆకు అంచున, పాఠానికి ఎడంగా, ఒంటరిగా ఉండే అంకె రెండోది. పాఠం కవిది, అంకె లేఖకుడిది. ఆకులకు బెజ్జం వేసి, దారం గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగించిన గ్రంథానికి మళ్లీ అంకెలెందుకు అనిపించవచ్చు. దారం ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందని లేఖకుడికి తెలుసు. తెగిన రోజున ఆకులు నేల మీద కలగలిసిపోతాయి. ఒక్క అక్షరమూ చెరగదు, అయినా చదువుకోవడానికి పుస్తకం ఉండదు. అంకెలుంటే కాసేపట్లో వరుస కుదురుతుంది. అంకెలు కూడా అరిగిపోయి ఉంటే, ఒక ఆకు చివర ఆగిన పద్యపాదం ఏ ఆకు మొదట్లో పూర్తవుతోందో పండితుడు వెతుక్కోవాలి. యతీ ప్రాసా గణాలూ అతనికి సాక్ష్యం చెబుతాయి. అనేక డిస్కుల మీద చారలుగా పంచి దాచిన సమాచారం, కంప్యూటర్ చెడిపోయిన రోజున ఈ స్థితిలోనే ఉంటుంది. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచిన మాట ఇది: యంత్రం పోయినప్పుడు సాధారణంగా పోయేది సమాచారం కాదు, దాని వరుస. ఆ వరుసను సమాచారమే చెప్పగలదు, మన తొందరపాటు దాని నోరు నొక్కకపోతే.

ముందు ఈ చారల సంగతి చూద్దాం. హార్డ్‌డిస్కులో అయస్కాంత పూత పూసిన పలకలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద వెంట్రుకవాసి ఎత్తు కూడా లేని దూరంలో ఒక హెడ్ అటూ ఇటూ కదులుతూ చదువుతుంది, రాస్తుంది. ఇది కదిలే యంత్రం కనుక దాని వేగానికి హద్దు ఉంది. 1980లలో ప్రాసెసర్లు, మెమరీ ఏటేటా పరుగు పెంచుకుంటూ పోతుంటే డిస్కులు ఆ పరుగు అందుకోలేకపోయాయి. ఒక డిస్కు చేయలేని పనిని నాలుగు డిస్కులు కలిసి చేయవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కెనెత్ సేలమ్, హెక్టర్ గార్సియా మొలీనా 1986లో ఈ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం ప్రకటించారు. చేసేది పేకముక్కలు పంచడం లాంటి పనే. ఫైలును సమానమైన ముక్కలుగా కోస్తారు. మొదటి ముక్క మొదటి డిస్కుకు, రెండోది రెండో డిస్కుకు, అందరికీ ఒక చుట్టు పంచాక మళ్లీ మొదటి డిస్కుకు. రెండు డిస్కులుండి, ముక్క 64 కిలోబైట్లయితే, ఒక మెగాబైటు ఫైలు 16 ముక్కలై డిస్కుకు ఎనిమిదేసి చొప్పున చేరుతుంది. చదివేటప్పుడు రెండు డిస్కులూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి పెద్ద ఫైళ్లకు పట్టే కాలం దాదాపు సగానికి తగ్గుతుంది. దీనికే ఇప్పుడు రెయిడ్ జీరో అని పేరు.

ఆ పేరులోని సున్నాకు అర్థం ఉంది. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పత్రం ప్రకటించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు చవకైన చిన్న డిస్కుల జట్టును వాడాలని అందులో వాదించారు. రెయిడ్ అనే మాట వాళ్లు పెట్టిందే. అయితే తమ వాదానికి ఎదురయ్యే చిక్కును కూడా వాళ్లే లెక్క కట్టి ముందు పెట్టారు. ఒక డిస్కు సగటున 30,000 గంటలకు చెడిపోతుందనుకుంటే, అలాంటివి 100 కలిపిన జట్టులో సగటున 300 గంటలకే ఏదో ఒకటి చెడిపోతుంది. అంటే రెండు వారాలు కూడా నిండవు. అందుకే వాళ్లు వర్ణించిన ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న పద్ధతులన్నింటిలోనూ ఒక డిస్కు పోయినా నష్టం పూడ్చుకునేందుకు అదనపు సమాచారం దాచే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు ఏమీ లేకుండా ఊరికే పంచి పెట్టేదానికి తర్వాతి కాలంలో సున్నా సంఖ్య వచ్చింది. వేగం కోసం భద్రతను పూర్తిగా వదులుకున్నామని ఆ సున్నా చెబుతోంది.

అయినా ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. డిస్కు చెడిపోవడం వేరు, డిస్కులను నడిపే యంత్రం చెడిపోవడం వేరు. మదర్‌బోర్డు కాలిపోవచ్చు, డిస్కులను జతచేసే కంట్రోలర్ కార్డు చచ్చిపోవచ్చు, పవర్ సప్లై పేలిపోవచ్చు. అప్పుడు మానిటర్ మీద కనిపించేది రెండు సందర్భాల్లోనూ ఒకటే: కంప్యూటర్ లేవదు, ఫైళ్లు కనపడవు. కానీ రెండోదానిలో అయస్కాంతపు పూత మీది గుర్తులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ గుర్తులు ఎంత మొండివో తెలియడానికి కొలంబియా అంతరిక్ష నౌకను మించిన ఉదాహరణ లేదు. కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న 2003 ఫిబ్రవరి 1 నాటి ప్రమాదంలో, జీనాన్ వాయువు మీద జరిపిన ప్రయోగపు హార్డ్‌డిస్కు ఒకటి ఆకాశం నుంచి రాలిపడింది. పైభాగం కాలి, కరిగి, గుర్తుపట్టలేని ముద్దలా దొరికిన ఆ డిస్కు నుంచి నిపుణులు 99 శాతం సమాచారం బయటికి తీశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అది చారలు లేని ఒంటరి డిస్కు. దాన్ని నడిపింది పాతకాలపు డాస్. డాస్ సమాచారాన్ని డిస్కంతా చల్లకుండా ఒకచోట వరుసగా రాయడం, ఆ చోటు దెబ్బతినకుండా మిగలడం నిపుణులకు కలిసొచ్చాయి. మన వాదానికి కావలసిన రెండు సంగతులూ ఇందులో ఉన్నాయి. చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్ సామగ్రి సర్వనాశనమైనా పలక మీది రాత మిగలగలదు. మిగిలిన రాతకు అర్థం రావాలంటే మాత్రం వరుస తెలియాలి.

చారల జట్టులో ఆ వరుస ఎక్కడ ఉంటుంది? చాలామంది అది కంట్రోలర్‌లో, మదర్‌బోర్డులో ఉంటుందనుకుంటారు. బోర్డు పోగానే అంతా పోయిందని బెంగపడటానికి కారణం ఈ అపోహే. నిజానికి నేడు వాడుకలో ఉన్న ప్రధాన పద్ధతులు తాటాకు లేఖకుడి దారిలోనే నడుస్తాయి. వరుస సంగతి ప్రతి డిస్కు మీదా ఒక మూల రాసిపెడతాయి. లినక్స్ సొంతంగా నడిపే రెయిడ్‌లో, ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి ప్రకారం, డిస్కు మొదటి నుంచి 4 కిలోబైట్ల దూరంలో ఒక చిన్న చీటీ ఉంటుంది. ఈ జట్టు పేరేమిటి, ఇందులో ఎన్ని డిస్కులున్నాయి, ముక్క పరిమాణం ఎంత, ఈ డిస్కు ఎన్నోది అన్నీ అందులో ఉంటాయి. ఇంటెల్ బోర్డులతో వచ్చే రెయిడ్ అదే చీటీని డిస్కు చిట్టచివర దాస్తుంది. కాబట్టి బోర్డు పోయినప్పుడు డిస్కులన్నింటినీ జాగ్రత్తగా విప్పి, ఆ చీటీని చదవగల మరో యంత్రానికి తగిలిస్తే చాలాసార్లు జట్టు తనంతట తాను లేచి కూర్చుంటుంది. ఇంటెల్ చీటీని చదవడం లినక్స్‌కు కూడా తెలుసు కనుక అదే మోడల్ బోర్డు కోసం పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించనక్కర్లేదు.

మరి ఇంత తేలికయితే జనం సమాచారం ఎందుకు పోగొట్టుకుంటున్నారన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు కొత్త యంత్రం మొదటిసారి వెలిగిన క్షణంలో ఉంది. కొత్త బోర్డులో రెయిడ్ సదుపాయం ఆన్ చేసి లేకపోతే రెండు డిస్కులూ విడివిడిగా, ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. మొదటి డిస్కు మీద విభజన పట్టిక ఉంటుంది, కానీ అందులో రాసిన కొలత డిస్కు అసలు కొలతకు రెట్టింపు ఉంటుంది. రెండో డిస్కు మీద పట్టికే ఉండదు కనుక అది కొత్త ఖాళీ డిస్కులా తోస్తుంది. విండోస్ దాన్ని చూసి, దీన్ని వాడకానికి సిద్ధం చేయమంటారా అని మర్యాదగా అడుగుతుంది. సరేనంటే, ఫైలు ముక్కలున్న చోట కొత్త పట్టిక రాసేస్తుంది. లినక్స్‌లోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఉన్న జట్టును కలపమని చెప్పాల్సిన చోట కొత్త జట్టు తయారుచేయమని చెబితే, పాత చీటీల మీద కొత్త చీటీలు పడతాయి. కొత్త ముక్క పరిమాణం పాతదానితో కలవకపోతే సరైన అంకెను చెరిపి తప్పు అంకె వేసినట్టే. ఇలాంటి సందర్భాల్లో సమాచారాన్ని చంపేది ప్రమాదం కాదు, ప్రమాదం తర్వాత జరిగే సహాయం.

చీటీలు నిజంగానే పోయాయనుకుందాం. అయినా దారి మూసుకుపోలేదు. మనకు తెలియనివి నాలుగే: డిస్కులు ఎన్ని, వాటి వరుస ఏది, ముక్క ఎంత, డేటా ఏ చోట మొదలైంది. డిస్కుల సంఖ్య ఎదురుగానే ఉంటుంది. నాలుగు డిస్కులను 24 రకాలుగా పేర్చవచ్చు. ముక్క పరిమాణం సాధారణంగా రెట్టింపుల లెక్కలో ఉంటుంది కనుక 4 కిలోబైట్ల నుంచి 1,024 కిలోబైట్ల దాకా తొమ్మిదే కొలతలు. రెండూ గుణిస్తే 216. మొదలైన చోటు తెలిస్తే, ఈ 216 అమరికల్లో ఒకటి సరైనది. కంప్యూటర్‌కు ఇదొక లెక్క కాదు. అసలు చిక్కు, సరైనది ఎదురైనప్పుడు అదే సరైనదని గుర్తుపట్టడంలో ఉంది. ఛందస్సు సాక్ష్యం లాంటిది ఇక్కడ అవసరమవుతుంది.

అలాంటి సాక్ష్యం మన తెలుగు రాతలోనే ఉంది. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తయినా ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘అ’ అంటే 224, 176, 133. ‘క’ అంటే 224, 176, 149. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ అవుతుంది. ఇప్పుడు 64 కిలోబైట్ల ముక్కను తీసుకోండి. అందులో 65,536 బైట్లుంటాయి. దాన్ని మూడుతో భాగిస్తే 21,845 వచ్చి ఒకటి మిగులుతుంది. అంటే ఖాళీలు లేని తెలుగు పాఠమయితే 21,845 అక్షరాలు నిండుగా పట్టి, ఆ తర్వాతి అక్షరం మొదటి బైటు దగ్గర కోత పడుతుంది. ఆ 224 ఈ డిస్కులో ఉండిపోతుంది, మిగతా రెండు బైట్లు పక్క డిస్కుకు పోతాయి. పదాల మధ్య ఖాళీలు ఒక్కో బైటే ఆక్రమిస్తాయి కనుక కోత కచ్చితంగా ఎక్కడ పడుతుందో ఫైలును బట్టి మారుతుంది. కానీ కోత తరచుగా అక్షరాన్ని చీలుస్తుంది. ముక్క చివర 224 ఒంటరిగా నిలబడి ఉంటే, దాని తర్వాతి ముక్క 176తోనో 177తోనో మొదలవ్వాలి. మరో ముక్క 255, 216తో మొదలైతే అది జేపెగ్ ఫోటోకు తల, మన అక్షరానికి తోక కాజాలదు. చీలిన అక్షరం తన రెండో సగం కోసం చెయ్యి చాపి ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఒక్క జోడీ యాదృచ్ఛికంగా కలవవచ్చు. వందల జోడీలు ఒకే అమరికలో కలిశాయంటే అది యాదృచ్ఛికం కాదు.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఫైళ్ల చిట్టాలో దొరుకుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ సాధారణంగా 1,024 బైట్ల కార్డు ఒకటి ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఆ కార్డు తన వరుస సంఖ్యను కూడా తనలోనే రాసుకుంటోంది. 64 కిలోబైట్ల ముక్కలో ఇలాంటి కార్డులు 64 పడతాయి. ముక్క మొదట్లోనే చిట్టా మొదలైందనుకుని ఒక్క డిస్కును మాత్రమే చదువుతూ పోదాం. 0 నుంచి 63 దాకా కార్డులు వరుసగా వస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా 128 ఎదురవుతుంది. 191 దాకా నడిచి మళ్లీ 256కు దూకుతుంది. ఈ దూకుడే మనకు కావలసినవి చాలావరకు చెబుతోంది. 64 కార్డుల తర్వాత దూకింది కనుక ముక్క 64 కిలోబైట్లు. దాటేసిన కార్డులు 64 మాత్రమే కనుక జట్టులో మరో డిస్కు ఒక్కటే ఉంది. సున్నా ఇక్కడ ఉంది కనుక ఈ చిట్టాలో ముందుది ఈ డిస్కే. డిస్కులు మూడయితే 63 తర్వాత 192 కనిపించేది. తాటాకు అంచున లేఖకుడు వేసిన అంకె ఇదే. చీటీ పోయినా సమాచారం తన కడుపులో దాని నకలు దాచుకుంది.

ఇక్కడ జాగ్రత్తగల పాఠకుడు ఒక అభ్యంతరం చెప్పవచ్చు: తప్పు అమరికలో కూడా ఫోల్డర్ల పేర్లన్నీ చక్కగా కనిపించే అవకాశం లేదా అని. ఉంది. పేర్లు చిన్నవి, ఒక్కో ముక్కలోనే ఇమిడిపోతాయి. ముక్క పరిమాణం తప్పుగా ఊహించినా కొన్ని పేర్లు సరిగ్గానే వస్తాయి. అది చూసి పని అయిపోయిందనుకుంటే మోసపోతాం. కాబట్టి పరీక్ష ఎప్పుడూ పెద్ద ఫైలుతో చేయాలి. ముక్క పరిమాణాన్ని డిస్కుల సంఖ్యతో గుణించగా వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఫోటోను తెరవాలి. అమరిక తప్పయితే పైన సన్నని పట్టీలో ఆకాశం సరిగ్గా కనిపించి, దాని కింద రంగులు మారిపోయి, బొమ్మ చీలికలు పేలికలై ఉంటుంది. నాలుగైదు పెద్ద ఫోటోలు పై అంచు నుంచి కింది అంచు దాకా శుభ్రంగా తెరుచుకున్న తర్వాతే అమరిక కుదిరిందని నమ్మాలి.

ఈ పరీక్షలన్నీ ఎన్నిసార్లయినా చేయవచ్చు, ఒక్క షరతు మీద. మూలం మీద ఒక్క బైటు కూడా రాయకూడదు. పాత ప్రతిని పరిష్కరించే పండితుడు ఆకును గీకి దిద్దడు. నకలు రాసుకుని దాని మీద దిద్దుకుంటాడు. ఇక్కడా అంతే. డిస్కులను విప్పే ముందే ఏది ఏ సాకెట్‌లో ఉందో ఒక్కోదాని మీద రాసిపెట్టాలి. ప్రతి డిస్కుకూ మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా నకలు తీయాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక ఫైలులో గుర్తు పెట్టుకుంటుంది కనుక మధ్యలో ఆపినా మళ్లీ మొదటి నుంచి చదవనక్కర్లేదు. ఆ తర్వాత అసలు డిస్కులను పక్కన పెట్టి, నకళ్ల మీదే 216 అమరికలూ ప్రయత్నించాలి. డిస్కును సరిచేస్తానని వచ్చే విండోస్ తనిఖీని ఈ దశలో ఎట్టి పరిస్థితుల్లోనూ నడపకూడదు. తప్పు అమరికను అది నిజమని నమ్మి, కార్డులన్నింటినీ ఆ తప్పుకు తగ్గట్టు దిద్దేస్తుంది.

నా వాదానికి హద్దులున్నాయి. వాటిని దాచను. మొదటిది, డిస్కే చచ్చిపోతే ఈ తర్కం చెల్లదు. రెండు డిస్కుల జట్టులో ఒకటి పోతే నాలుగు మెగాబైట్ల ఫోటోలో 64 ముక్కలకు 32 మాయమవుతాయి. సగం ఫోటో మిగలదు, ఫోటోయే మిగలదు. ఒకే ముక్కలో ఇమిడిన చిన్న ఫైళ్లు మాత్రం కొన్ని బతుకుతాయి. అప్పుడు చచ్చిన డిస్కును ధూళి లేని గదిలో విప్పి చూడగల నిపుణుల చేతిలో పెట్టడం తప్ప మార్గం లేదు. రెండోది, బిట్‌లాకర్ లాంటి తాళం వేసిన డిస్కులు. ఆ తాళంచెవి తరచుగా మదర్‌బోర్డులోని చిప్‌లో ఉంటుంది. బోర్డుతో పాటు అదీ పోతే, 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య విడిగా రాసిపెట్టుకుని ఉండాలి. లేకపోతే వరుస కుదిరినా పాఠం చదవలేం. మూడోది, ఎస్‌ఎస్‌డీలు. చెరిపేసిన ఫైళ్ల స్థలాన్ని అవి తమంతట తామే ఖాళీ చేసుకుంటాయి. కనుక ఒకసారి చెరిపివేత జరిగాక అక్కడ వెతకడానికి ఏమీ మిగలకపోవచ్చు.

డిస్కు చెడిపోయే ముందు హెచ్చరిక ఇస్తుంది కదా, అప్పుడు జాగ్రత్తపడవచ్చు కదా అనేవాళ్లున్నారు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, అతి ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపించలేదు. అదే ఏడాది బియాంకా ష్రోడర్, 1988 నాటి పత్రం రాసిన ముగ్గురిలో ఒకరైన గార్త్ గిబ్సన్ కలిసి దాదాపు లక్ష డిస్కుల లెక్క తీశారు. తయారీదార్ల కాగితాల ప్రకారం ఏటా మార్చాల్సినవి 0.88 శాతానికి మించకూడదు. వాస్తవంలో 2 నుంచి 4 శాతం మామూలుగా కనిపించింది, కొన్నిచోట్ల 13 శాతం దాకా వెళ్లింది. ఏడాదికి 2 శాతమే అనుకున్నా, నాలుగు డిస్కుల చారల జట్టు ఆ ఏడాదిలో కూలే అవకాశం 8 శాతానికి దగ్గరగా ఉంటుంది. అయితే రెయిడ్ ఐదు వాడితే సరిపోతుందా? ఒక డిస్కు పోతే అది ఆదుకుంటుంది, నిజమే. కానీ పొరపాటున చెరిపిన ఫైలును అది కూడా అంతే నమ్మకంగా చెరుపుతుంది. పిడుగు పడి పెట్టె మొత్తం కాలిపోతే దాన్నీ కాపాడేది లేదు. రెయిడ్ ఏ సంఖ్యదైనా బ్యాకప్ కాదు.

ఇన్ని హద్దులున్నా అసలు మాట నిలుస్తుంది. మదర్‌బోర్డు పోయిందని చారల జట్టును అక్కడికక్కడే వదులుకోవడం, దారం తెగిందని తాటాకులను పొయ్యిలో వేయడం లాంటిది. వేగం కావాలనుకునేవారు చారల జట్టును నిస్సంకోచంగా వాడుకోవచ్చు, అందులోని ప్రతి ఫైలుకూ మరో చోట నకలుంటే. మీ దగ్గర అలాంటి జట్టు ఉంటే ఈ రోజే ఒక కాగితం తీసుకోండి. డిస్కుల క్రమసంఖ్యలు, వాటి వరుస, ముక్క పరిమాణం, తాళం ఉంటే దాని 48 అంకెలు రాసి, కంప్యూటర్‌కు దూరంగా భద్రపరచండి. లేఖకుడు ఆకు అంచున అంకె వేయడానికి ఎంతసేపు పట్టిందో ఈ పనికీ అంతకన్నా ఎక్కువసేపు పట్టదు.